సంఘం బండిలో ఏ లోపమూ లేదు

అమ్రోలి తెలుగు శ్రామిక సేవా సంఘం వారి బండిలో ఏ లోపమూ లేదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. అధ్యక్షుడు, కార్యదర్శి, మరి తొమ్మిదిమంది సంతకాలు చేశారు. సంఘం ముద్ర వేశారు. ఆ తీర్మానం ప్రతిని బండి లోపల, స్టీరింగు వెనుక, మీటర్లు కనిపించే అద్దం మీద అతికించారు. ఎక్కడ అతికించాలనే దాని మీద కొంత చర్చ జరిగింది. ఇంజను దీపం వెలిగే చోటే తగిన చోటని చివరికి తేలింది. ఎందుకంటే అనుమానం పుడుతున్నది అక్కడే.

కాగితం పలుచనిది. దీపం పసుపుపచ్చది. బండి స్టార్టు చేయగానే వెనుక నుంచి వెలుగు పడి పదకొండు సంతకాలూ బంగారు అక్షరాల్లాగా మెరిసేవి. అందరికంటే అధ్యక్షులవారి సంతకం బాగా కనిపించేది. ఆయన చూసి సంతోషించారు.

ఈ సంఘం ఎందుకు పుట్టిందో చెప్పాలి. సిరిసిల్ల నుంచి, జగిత్యాల నుంచి, ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి మేము సూరత్‌కు సాంచలు నడపడానికి వచ్చాము. కరెంటుతో నడిచే మగ్గాన్ని మేము సాంచ అంటాము. సాంచ ఆగిన రోజు కూలి లేదు. కాబట్టి ఇంట్లో ఎవరికి రోగమొచ్చినా ఆసుపత్రికి వెంట పోయే మనిషి దొరకడు. అందుకని చందాలు వేసుకుని ఒక పాత బండి కొన్నాము. ఎనిమిది సీట్లు. కొన్ననాటికే దానికి పదకొండేళ్లు. ఇప్పుడు పదహారు. పక్కన ఎర్ర రంగుతో ‘రోగుల సేవకు’ అని రాయించాము. రోగుల సేవలో భాగంగా అది అధ్యక్షులవారి వియ్యంకుణ్ణి స్టేషను నుంచి ఇంటికి చేర్చింది. కార్యదర్శిగారి మరదలి పెళ్లికి పూలు మోసింది. భజన మండలి హార్మోనియం మోసింది. అన్నీ తీర్మానాల ప్రకారమే జరిగాయి.

వారం మొత్తంలో నిజంగా రోగి అని చెప్పదగ్గది లింగవ్వ ఒక్కతే. సాంచలు నడిపే లస్మయ్య భార్య. ఆమెకు రెండు కిడ్నీలూ పాడైనాయి. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి తాపీ నది దాటి ఆసుపత్రికి పోవాలి. పొద్దున పదింటికి ఆమె వంతు. నాలుగు గంటలు మిషను మీద రక్తం కడుగుతారు. వంతు తప్పితే ఒంట్లో చేరిన నీళ్లు బయటికి పోయే దారి లేదు. కాళ్ల నుంచి పైకెక్కి ఊపిరితిత్తుల్లో చేరతాయి. ఈ సంగతి డాక్టరు లస్మయ్యకు విడమర్చి చెప్పాడు. లస్మయ్య సంఘానికి విడమర్చి చెప్పాడు. సంఘం సానుభూతి తీర్మానం చేసింది.

దీపం వెలిగింది జనవరిలో. చూసింది డ్రైవరు చిరంజీవి. చూసినవాడు ఊరుకోక కార్యవర్గానికి చెప్పాడు. సంఘంలో చిక్కులన్నీ ఇట్లాగే మొదలవుతాయి.

కార్యవర్గం మొత్తం బండి దగ్గరికి కదిలింది. ఒక్కొక్కరు డ్రైవరు సీట్లో కూర్చుని దీపాన్ని చూసి దిగారు. అది ఏం బొమ్మ అనే దగ్గర ఏకాభిప్రాయం కుదరలేదు. ఒకరు నల్లా అన్నారు. ఇంకొకరు చాయ్ కెటిల్ అన్నారు. కార్యదర్శి లక్ష్మీరాజం సలాబత్‌పురాలో సాంచల మాస్టరు. మిషన్ల సంగతిలో ఆయన మాటకు ఎదురు లేదు. “కుట్టుమిషన్,” అన్నాడు. చాలామంది అటే మొగ్గారు.

“ఇంజన్ బొమ్మ మాస్టర్ అది,” అన్నాడు చిరంజీవి. “గ్యారేజీల చూపియ్యాలె.”

అధ్యక్షులు వీరరాఘవయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “నేను రైల్వేలో ముప్పై నాలుగేళ్లు చేశాను బాబూ. ఇంజను అంటే ఏమిటో నాకు నువ్వు చెప్పనక్కర్లేదు. ఇంజను ఇలా ఉండదు.”

ఆయన రైల్వేలో పార్సెల్ ఆఫీసులో చేశారు. అయినా స్టేషను స్టేషనే కదా. మరునాడు చిరంజీవికి మెమో అందింది. ‘సంఘ సభ్యులెవరికీ నిన్నటివరకు కనిపించని దీపం నీవొక్కనికే ప్రతిదినము కనిపించుటకు కారణమేమి?’ అని అందులో అడిగారు. డ్రైవరు సీట్లో రోజూ తానే కూర్చుంటాడు గనుక అని అతను జవాబు రాసిచ్చాడు. జవాబులో వినయం లోపించిందని ఫైలులో రాసుకున్నారు.

అయినా సంఘం బాధ్యత మరిచిపోలేదు. బండిని అమ్రోలి మెయిన్‌రోడ్డు మీద గ్యారేజీ పెట్టుకున్న ఠాకోర్‌భాయ్ దగ్గరికి పంపారు. తోడుగా లక్ష్మీరాజం వెళ్లాడు. ఠాకోర్‌భాయ్ స్టీరింగు కింద ఒక చిన్న పెట్టె తగిలించాడు. పెట్టె మీద ఒక నెంబరు వచ్చింది. ఇంజను వేడి ఎంతుందో చెప్పే సెన్సరు తాలూకు నెంబరు అది. ఠాకోర్‌భాయ్ అంతటితో ఆగలేదు. బానెట్ ఎత్తి, ఇంజనుకు నీళ్లు పోయే రబ్బరు గొట్టం కింద వేలు పెట్టి తీశాడు. వేలు ఆకుపచ్చగా తడిసింది. “బత్తీ సాచు బోలే ఛే,” అన్నాడు. దీపం నిజమే చెబుతున్నదని దాని అర్థం.

తర్వాత హిందీలో వివరించాడు. సెన్సరు బాగానే ఉంది. గొట్టం పగుళ్లిచ్చింది. నీళ్లు కారిపోతున్నాయి. నీళ్లు తగ్గితే వేడి పెరుగుతున్నది. పెరుగుతున్నదని సెన్సరు చెబుతున్నది. చెప్పడమే దాని పని. గొట్టం మార్చాలి. బండిని ఒక్కరోజు వదిలిపెట్టండి.

లక్ష్మీరాజం తిరిగొచ్చి కార్యవర్గానికి నివేదిక ఇచ్చాడు. “సెన్సర్ మార్చమని నేనే నోరు తెరిచి అడిగిన. వద్దన్నడు. వచ్చిన గిరాకీని వద్దనే దుకాన్‌దారును నేను సూరత్‌ల ఇరవై ఏండ్ల సంది సూడలే. దీంట్ల ఏదో ఉన్నది.”

ఏదో ఉందని అందరికీ తోచింది. తన సరుకు అమ్ముకోనివాణ్ణి నమ్మడం ఎట్లా? పైగా ఒక్కరోజు బండి వదలమంటున్నాడు. కార్యవర్గం క్యాలెండరు ముందు పెట్టుకుని కూర్చుంది. సోమ, గురువారాలు లింగవ్వవి. మంగళవారం భజన. శనివారం పూలు. ఆదివారం అధ్యక్షులవారికి ఎక్కడో ఒకచోట సన్మానం ఉంటుంది. బుధ, శుక్రవారాలు ఖాళీగానే కనిపించాయి గాని, అత్యవసరం వస్తే బండి సిద్ధంగా ఉండాలని ఆ రెండు రోజులు పక్కన పెట్టారు. బండి బాగు చేయడం అత్యవసరం కిందికి వస్తుందా అని ఒక సభ్యుడు అడిగాడు. రాదని తేల్చారు. బండి నడుస్తూనే ఉంది కదా.

చిరంజీవి మాత్రం రోజూ పొద్దున బానెట్ ఎత్తి ఒక చెంబు నీళ్లు పోసి బండి తీసేవాడు. అందువల్ల బండి నడిచింది. అందువల్లనే అది బాగానే ఉందని రుజువైంది.

ఆ తర్వాత సంఘం నగరంలో ఒక కంప్యూటర్ నిపుణుణ్ణి పట్టుకుంది. ఆయన బానెట్ ఎత్తలేదు. చేతులకు మసి కాలేదు. తన పెట్టె తగిలించి ఒక మీట నొక్కాడు. దీపం ఆరిపోయింది. నిమిషం పట్టలేదు. అక్కడికక్కడే శాలువా తెప్పించి కప్పారు. మూడోరోజు దీపం మళ్లీ వెలిగింది. శాలువా వెనక్కి అడగడం సభ్యత కాదని ఊరుకున్నారు.

అప్పుడు సెన్సరు మార్చారు. దీపం వెలిగింది. సెన్సరు నకిలీదని ఇంకొకటి తెచ్చి మార్చారు. దీపం వెలిగింది. ఇచ్ఛాపూర్‌లో కార్ఖానాలకు సామాను వేసేవాడు ఒకడు అసలైనదని ప్రమాణం చేసి మూడోది ఇచ్చాడు. అదీ వెలిగించింది. ముగ్గురు సాక్షులు వేరువేరుగా వచ్చి ఒకే మాట చెబితే కోర్టు నమ్ముతుంది. సంఘం మాత్రం ముగ్గురూ కుమ్మక్కయ్యారని తేల్చింది. మొదట చెప్పిన తీర్మానం అతికించింది అప్పుడే.

కాగితం వెనుక కూడా దీపం వెలుగుతూనే ఉంది గనుక, లక్ష్మీరాజం స్వయంగా పూనుకున్నాడు.

ఇక్కడ మా సాంచల సంగతి కొంచెం చెప్పాలి. సాంచ మీద వేల పోగులు ఉంటాయి. ఒక్కో పోగుకు ఒక సన్నటి ఇనుప రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు కిందికి జారుతుంది, కరెంటు తగులుతుంది, సాంచ తనంతట తాను ఆగుతుంది, మీద ఎర్ర బల్బు వెలుగుతుంది. తెగిన పోగు అతికించి మళ్లీ నడపాలి. ఇది మిషను చేసినవాడి ఆలోచన. కానీ మాకు కూలి మీటర్ల లెక్కన ఇస్తారు. ఆగిన సాంచకు మీటర్లు రావు. అందుకని ప్రతి కార్ఖానాలో మొదటి వారంలోనే కొత్తవాడికి నేర్పే విద్య ఒకటుంది. ఆ రేకుల దగ్గరి తీగ ఊడదీయడం. తీగ ఊడితే ఎన్ని పోగులు తెగినా సాంచ ఆగదు, బల్బు వెలగదు. గుడ్డ మీద గీతలు పడతాయి. అది కొన్నవాడి సంగతి. ఈ విద్యలో లక్ష్మీరాజం చెయ్యి తిరిగినవాడు. ఆయన నేర్పగా నేర్చుకున్నవాళ్లం సంఘంలో సగం మంది ఉన్నాము.

“సాంచకు చేసిందే బండికి చేస్తం. గంతే కద,” అన్నాడు. “దానికి తీగ ఊడదీస్తే బల్బు ఆరుతది. దీనికి ఊడదీస్తే కంప్యూటర్ గుర్తు పడ్తది. గందుకే దీనికి ఊడదీసుడు కాదు, అబద్ధం నేర్పుడు.”

రేడియోలు బాగుచేసే దుకాణంలో జొన్నగింజంత సామాను ఒకటి దొరుకుతుంది. సెన్సరు తీసేసి ఆ తీగల మధ్య దాన్ని కట్టాడు. ఇక ఆ గింజ బండి కంప్యూటరుకు ఎల్లప్పుడూ ఒకే మాట చెబుతుంది: ఇంజను వేడి ఎనభై డిగ్రీలు. పొద్దున చల్లగా ఉన్నప్పుడూ ఎనభై. మిట్టమధ్యాహ్నం సిగ్నలు దగ్గర అరగంట నిలబడ్డా ఎనభై. దీపం ఆరింది. ఈసారి మూడోరోజు కాదు, ముప్పయ్యోరోజు కూడా వెలగలేదు.

ఇందులో ఒక చిన్న సంగతి ఉన్నది. ఇంజను చల్లార్చే ఫ్యాను తొంభై ఐదు డిగ్రీలు దాటితే తిరుగుతుంది. ఎనభై దగ్గర తిరగదు.

“మాస్టర్, ఫ్యాన్ తిరుగుతనే లేదు,” అన్నాడు చిరంజీవి.

“వేడి లేంది ఫ్యాన్ ఎందుకు తిరుగుతదిర? నీకు చలి పెడితే ఫ్యాన్ ఏసుకుంటవా?”

అందరూ నవ్వారు. నిజానికి జవాబు బాగుంది.

దీపం ఆరిన సందర్భంగా సభ పెట్టారు. బండికి పూలదండ వేశారు. అధ్యక్షులవారు ఇట్లా సెలవిచ్చారు: “సభ్య మహాశయులారా! ఎక్కడైనా సభను దీపం వెలిగించి ప్రారంభిస్తారు. చరిత్రలో మొట్టమొదటిసారిగా మన సంఘం ఒక దీపాన్ని ఆర్పి సభ ప్రారంభిస్తోంది! ఇంజనీర్లకు సాధ్యం కానిది మన శ్రామికుని చేతికి సాధ్యమైంది. పెద్ద పెద్ద చదువులు చదివినవారు ఈ బండి ముందు తలదించుకోవాలి!” మేము చప్పట్లు కొట్టాము. లక్ష్మీరాజానికి మరో శాలువా. అతని ముఖం చూస్తే నిజంగానే బండి బాగుపడిందని నమ్మినట్టే ఉన్నది. నాకూ అట్లాగే అనిపించింది. వెలగని దీపాన్ని చూస్తుంటే మనసుకు ఎంతో నెమ్మదిగా ఉంటుంది.

అదే సభలో ఇంకో తీర్మానం కూడా చేశారు. లోపం లేని బండి బానెట్ ఊరికే ఎత్తడం సంఘాన్ని అనుమానించడమే అవుతుంది గనుక, బానెట్‌కు గొలుసు వేసి తాళం వేయాలి. తాళంచెవి కార్యదర్శి దగ్గర ఉండాలి. పొద్దున పోసే చెంబెడు నీళ్లు ఆ రోజుతో ఆగాయి. వారానికోసారి లక్ష్మీరాజానికి తీరిక దొరికినప్పుడు తెరిచి పోసేవారు.

బండిలో దీపం ఒక్కటే కాదు, లింగవ్వ కూడా ఉన్నది. ఆమెకు తీగలు లేవు గనుక ఊడదీయడం కుదరలేదు.

“సారూ, బెల్లం పాకం అసొంటి వాసన వస్తాంది,” అన్నది ఒక సోమవారం. పగిలిన గొట్టంలోంచి కారే ఆకుపచ్చ నీళ్లకు తియ్యటి వాసన ఉంటుందని నాకు తర్వాత తెలిసింది.

వీరరాఘవయ్యగారు ముందు సీట్లో ఉన్నారు. సోమ, గురువారాలు ఆయన కూడా బండిలోనే నగరానికి పోయేవారు. అక్కడ ఒక దుకాణంలో లోచో అనే టిఫిను వేడివేడిగా దొరుకుతుంది. అది ఆయనకు ఒంటికి పడింది. వెళ్లే దారే కదా అని తీర్మానం చేయించుకున్నారు. ఆయన వెనక్కి తిరిగి, “మీటరు మీద ఏమీ లేదమ్మా,” అన్నారు.

“మీటర్ మీద లేకుంటేంది సారూ, నా ముక్కుల ఉన్నది.”

“ముక్కు పరికరం కాదమ్మా.”

గురువారం నాడు, “కాళ్ల కింద రేకు కాలుతాంది,” అన్నది.

“నీకు ఒంట్లో నీళ్లు చేరి కాళ్లు మంటలు పుడుతున్నాయేమో, డాక్టరుకు చెప్పు.”

“నా కాళ్లు నాకు ఎరుకలేవా సారూ? గీ మంట లోపటిది కాదు, కిందిది.”

లస్మయ్య భార్య మోచెయ్యి పట్టుకుని ఊరుకోమన్నాడు. బండి సంఘానిది. సంఘానికి కోపం వస్తే వారానికి రెండుసార్లు ఆమెను తాపీ దాటించేదెవరు? అతను ఊరుకోమన్నది భయంతో. భయం కూడా ఒక రకం గొలుసే, దాని తాళంచెవి కూడా సంఘం దగ్గరే ఉంటుంది.

మే నెలలో ఒక గురువారం. పొద్దున తొమ్మిదిన్నర. అమ్రోలి వంతెన మీద ట్రాఫిక్ ఆగింది. వంతెన నడిమధ్యన సంఘం బండి నిలబడి ఉన్నది. కాగితం వెనుక దీపం లేదు. ఏ దీపమూ లేదు. మీటరు ముల్లు ఎనభై దగ్గర కదలకుండా నిలబడింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. ముందు సన్నగా, తర్వాత అన్నం కుండ మూత లేచినట్టు బుసబుసా వచ్చింది.

“పొగ!” అన్నాడు చిరంజీవి.

వీరరాఘవయ్యగారు మీటరు వైపు చూసి, “ఎనభయ్యే ఉంది,” అన్నారు. ఆయన ఆ మాట అన్నది దిగి పరుగెత్తుతూ.

బానెట్ తెరుద్దామంటే తాళం. తాళంచెవి కార్యదర్శి దగ్గర, సలాబత్‌పురాలో ఉంది. తాపీలో కింద కావలసినన్ని నీళ్లు పారుతున్నాయి. చిరంజీవి రాయి తెచ్చి గొలుసు మీద కొట్టబోతే అధ్యక్షులవారు ఆపారు. సంఘం ఆస్తిని ధ్వంసం చేయాలంటే కనీసం ఏడుగురు కార్యవర్గ సభ్యుల సమ్మతి కావాలి. వంతెన మీద ఒక్కరే ఉన్నారు.

లింగవ్వ రేలింగు పట్టుకుని నిలబడింది. ఆ ఎండలో ఆమె ముఖం ఉబ్బి మైనంలా ఉంది. లస్మయ్య దారిన పోయే ఆటోలకు చెయ్యెత్తుతూ వంతెన ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తాడు. ఖాళీ ఆటో దొరికేసరికి పదకొండయింది. ఆసుపత్రికి చేరేసరికి ఆమె మిషను మీద ఇంకొకరు పడుకుని ఉన్నారు. అక్కడివాళ్ల తప్పేమీ లేదు, ఆ ఇంకొకరు కూడా బతకాలి. మరునాడు మధ్యాహ్నం ఖాళీ ఉందన్నారు. అప్పటిదాకా లింగవ్వ కుర్చీలో కూర్చునే ఊపిరి తీసుకుంది. పడుకుంటే ఊపిరి ఆడదు. లస్మయ్య గాలి విసురుతూ పక్కన నిలబడ్డాడు. సాంచకు పోలేదు. మరునాడు ఆమెను మిషను మీదికి ఎక్కించేసరికి పెదవులు నీలం తిరిగాయి. బతికింది.

సంఘం పరామర్శకు వెళ్లింది. ఆరు కొబ్బరిబోండాలు, ఒక గెల అరటిపండ్లు తీసుకెళ్లింది. రెండూ ఆమె తినకూడనివే. ఫొటో మాత్రం బాగా వచ్చింది.

విచారణ సంఘం వేశారు. విచారణ సంఘానికి కూడా వీరరాఘవయ్యగారే అధ్యక్షులు, ఎందుకంటే సంఘటన జరిగినప్పుడు బండిలో ఉన్న బాధ్యతగల మనిషి ఆయన ఒక్కరే. రెండు నెలలు విచారించారు. ఘటన జరిగిన సమయంలో బండి దీపాలన్నీ ఆరి ఉన్నాయనీ, మీటరు ఎనభై చూపిందనీ, కాబట్టి బండిలో లోపం లేదనీ తేల్చారు. కారణం ఎండ. మే నెల ఎండను సంఘం తీవ్రంగా ఖండించింది. లింగవ్వ ముందే రెండుసార్లు చెప్పిందని చిరంజీవి సాక్ష్యమిచ్చాడు. రోగి మాట వైద్యానికి పనికివస్తుందే గాని మెకానిక్ పనికి రాదని రాసుకున్నారు.

ఇంజను పైభాగం వేడికి వంగిపోయింది. మళ్లీ చందాలు వేసి దాన్ని విప్పించి చదును చేయించారు. చేసినవాడు ఆ జొన్నగింజ చూసి తీసేస్తానన్నాడు. కార్యవర్గం ఒప్పుకోలేదు. మొత్తం బండిలో మొదటి నుంచి చివరిదాకా తనకు చెప్పిన పని చెప్పినట్టు చేసింది అదొక్కటే. గొట్టం మారుస్తానన్నాడు. దానికీ ఒప్పుకోలేదు. గొట్టం మార్చితే గొట్టం పగిలిందని ఒప్పుకున్నట్టవుతుంది. అప్పుడు పాత తీర్మానం ఏం కావాలి?

అయితే సంఘం అనుభవం నుంచి నేర్చుకోదని ఎవరూ అనలేరు. బానెట్ గొలుసు తీసేశారు. దారిలో పోయడానికి బండిలో రెండు డబ్బాల నీళ్లు ఉంచాలన్నారు. ఈ మాట బయటికి రాగానే దాతలు ముందుకొచ్చారు. లక్ష్మీరాజం తన తండ్రి పేరు మీద ఒక డబ్బా ఇచ్చాడు. దాని మీద రంగుతో పేరు రాయించాడు. అది చూసి మిగతా కార్యవర్గం ఊరుకోలేదు. తాతల పేర్లు, అత్తల పేర్లు, ఒకరు చిన్నప్పుడు చదువు చెప్పిన పంతులుగారి పేరు కూడా రాయించారు. నెల తిరిగేసరికి ఇరవై లీటర్ల డబ్బాలు పద్నాలుగు అయ్యాయి. ఒకటి ఎక్కించి ఒకటి దించితే దించినవారికి కోపం వస్తుంది. పద్నాలుగూ ఎక్కించారు. ముందు సీటు అధ్యక్షులవారిది. మిగతా సీట్లన్నీ పెద్దలతో నిండిపోయాయి.

మొదటి సోమవారం లింగవ్వ తలుపు తీసి చూసింది. “జర జరుగున్రి అందామంటే మనుషులు గాకపాయె,” అన్నది. తర్వాత కార్యదర్శి వైపు తిరిగి, “ఓ రాజమన్న, మీ నాయిన ఒళ్లె కూసోమంటవా?” అన్నది.

“నవ్వులాట కాదు వదినె. గవి దించితే బండి నడువది.”

ఆమె, లస్మయ్య బస్సుకు పోయారు. రెండు బస్సులు మారాలి. నడుమ కొంత నడక. నాలుగడుగులకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటుంది. కొన్నిసార్లు ఆలస్యమై నాలుగు గంటల మిషను మూడు గంటలకు తగ్గుతున్నది. బండి మాత్రం సోమవారం, గురువారం ఒక్క పూట తప్పకుండా ఆసుపత్రికి పోయి వస్తున్నది. రెండు కిలోమీటర్లకోసారి ఆగి తన నీళ్లు తాను తాగుతున్నది. ఆసుపత్రి గేటు ముందు నిలబడుతుంది. చిరంజీవి రిజిస్టరులో టైము రాసి సంతకం చేస్తాడు. అధ్యక్షులవారు లోచో తిని వచ్చాక తిరిగి వస్తుంది. సంఘం చరిత్రలో ఇంత క్రమంగా సేవ జరగడం ఇదే మొదటిసారి అని వార్షిక నివేదికలో రాశారు. అబద్ధం కాదు.

సర్వసభ్య సమావేశంలో లస్మయ్య లేచాడు. అతను సభలో మాట్లాడటం అందరం మొదటిసారి చూశాము. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

“నేను పంచాయితి పెడ్తలేను. డాక్టర్ ఏమన్నడంటే, గిట్ల మూడు గంటలే చేస్తే ఆర్నెల్లు ఆగదు అన్నడు. ఆమె ఆగదు. గంతే అన్నడు. డబ్బాలన్ని దించుమంటలేను. ఒక్కటి. ఒక్క డబ్బా జాగ ఇస్తే ముడుచుకొని కూసుంటది. ఆమె ఇప్పుడు ఎంత ఉన్నది, డబ్బకంటె తక్కువనే ఉన్నది.”

ఏ డబ్బా దించాలి అన్నది ప్రశ్న. ఎవరి తండ్రిని దించాలి? దాతలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లక్ష్మీరాజం నేల చూశాడు.

వెనుక బెంచీ మీది నుంచి లింగవ్వ అన్నది: “నాకేమో ఒంట్ల నీళ్లు ఎక్కువై పానం పోతాంది. మీ బండికేమో నీళ్లు తక్కువై పానం పోతాంది. ఇద్దరం రోగులమే. ఒక రోగికి తోడు పద్నాలుగు మంది, ఇంకో రోగికి బస్సు.”

కొందరు నవ్వారు. నవ్వి ఆపుకున్నారు.

అధ్యక్షులవారు లేచి శాలువా సర్దుకున్నారు. “లింగవ్వ మన సోదరి. ఆమె బాధ మన బాధ. కానీ సంఘం భావోద్వేగాలతో నడవదు, నియమాలతో నడుస్తుంది. విషయం చాలా తేలిక. దాతల డబ్బాలు దించితే బండి ఆగిపోతుంది. లింగవ్వ ఎక్కకపోతే బండి ఆగదు. ఈ బండి ఆగిపోవాలని మనలో ఎవరైనా కోరుకుంటారా? మన చెమటతో కొన్న బండి! రోగుల సేవకు కొన్న బండి! బండి నడవాలనేవారు దయచేసి చేతులెత్తండి.”

ఆ మాటలో తప్పెక్కడుందో కూర్చున్నవాళ్లకు వెంటనే దొరకలేదు. వెతికే తీరిక కూడా లేదు, రెండో షిఫ్టుకు టైమవుతున్నది. చేతులు లేచాయి. లస్మయ్య వెనక్కి తిరిగి ఒక్కొక్కరినే చూశాడు. అతనికి అటూ ఇటూ పదిహేనేళ్లు సాంచలు నడిపినవాళ్ల చేతులున్నాయి. అతని పెళ్లికి వచ్చినవాళ్ల చేతులున్నాయి. నాది కూడా ఉన్నది. ఆ ఇద్దరు కాక చిరంజీవి ఒక్కడు చెయ్యెత్తలేదు. అతను జీతగాడు, ఓటు లేదు.

లెక్క నూట నలభై రెండు అని తేలింది. మీరు ఆ రోజు సభకు రాలేదు. వచ్చి ఉంటే నూట నలభై మూడు.